మార్కెట్ రిపోర్టులతో నా అనుభవం: అంకె దగ్గర ఆగిపోకుండా చదివితే

మా కంపెనీ చేసేది చిన్న వస్తువు. మందుల పెట్టెలో పెట్టి పంపిస్తే, దారి పొడవునా లోపల ఎంత చల్లగా ఉందో కొన్ని నిమిషాలకోసారి నమోదు చేసుకుంటూ పోతుంది. డేటా లాగర్ అంటారు దాన్ని. సరుకు చేరాక తీసి కంప్యూటర్‌కి తగిలిస్తే గ్రాఫ్ వస్తుంది. టీకాల్లో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంచాలి. గ్రాఫ్ ఆ హద్దు దాటిందంటే సరుకు పక్కన పెట్టి, ఎక్కడ దాటింది, ఎంతసేపు దాటింది అని విచారించాల్సిందే.

మేం చేసేవన్నీ చేరాక చదువుకునే రకం. దారిలో ఉండగానే మొబైల్ నెట్‌వర్క్ మీద కబురు పంపే రకం కూడా మొదలుపెడదామా అన్న చర్చ చాన్నాళ్లు నలిగింది. డిజైన్ చేసేవాళ్లకి ఉత్సాహం, లెక్కలు చూసేవాళ్లకి భయం. చివరికి ఎండీ గారు, "అసలు ఆ మార్కెట్ ఎంతుందో చూడండి. రిపోర్టులు అమ్ముతారు కదా, మంచిదొకటి కొనేద్దాం" అన్నారు. ప్రొడక్ట్ ప్లానింగ్ నేను చూస్తాను కాబట్టి ఆ పని నాకొచ్చింది.

కొనేముందు ఉచితంగా దొరికేవన్నీ పోగేశాను. రిపోర్టులు అమ్మే సంస్థలు పత్రికా ప్రకటనలు గుప్పిస్తూనే ఉంటాయి. వాటి మూస ఒకటే: ఫలానా మార్కెట్ ఫలానా ఏడాదిలో ఇంత, ఫలానా ఏడాదికల్లా అంత అవుతుంది, ఏటా చక్రవృద్ధిన ఇంత శాతం. ఆ వృద్ధి రేటుకే సీఏజీఆర్ అని పేరు. ఎక్సెల్ షీట్ తెరిచి సంస్థ పేరు, మార్కెట్ పేరు, ఆధార సంవత్సరం, అంకె, వృద్ధి రేటు అన్నీ ఎక్కించుకుంటూ పోయాను. షీట్ నిండేసరికి తేలిందేమిటంటే, ఏ రెండు అంకెలకీ పొత్తు కుదరలేదు. ఐదో పదో శాతం తేడా అయితే సర్దుకోవచ్చు. ఇక్కడ తేడా రెట్లలో ఉంది.

ఇంత తేడా కనిపిస్తే ఎవరో ఒకరు తప్పు రాశారనిపిస్తుంది. కానీ అందరూ ఒప్పే రాసి ఉండొచ్చు. ఒకరు మొత్తం కోల్డ్ చైన్ అన్నారు, అంటే సరుకుని చివరిదాకా చల్లగా ఉంచే ఏర్పాటంతా. అందులో శీతల గిడ్డంగులున్నాయి, చల్లటి లారీలున్నాయి, ఓడల్లో వెళ్లే రీఫర్ కంటైనర్లు, అంటే లోపల చల్లబరిచే పెద్ద పెట్టెలు, ఉన్నాయి. మా పరికరం అందులో సముద్రంలో చుక్క. ఇంకొకరు కోల్డ్ చైన్ మానిటరింగ్ అన్నారు. అందులో పరికరాలతో పాటు సాఫ్ట్‌వేర్ చందాలు, గిడ్డంగి గోడకి బిగించే సెన్సర్లు, వాటిని బిగించే కూలీ కూడా కలిపారు. మూడో వాళ్లు డేటా లాగర్ల మార్కెట్ అన్నారు. దాంట్లో మావి ఉన్నాయి, కానీ వాటితో పాటు విద్యుత్ సబ్‌స్టేషన్లలో వోల్టేజి రాసుకునేవీ, కార్ల పరీక్షల్లో వాడేవీ ఉన్నాయి. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నా, వాళ్లు గీసుకున్న హద్దులు వేరు. ఆ హద్దు లోపల ఏముంది, బయట ఏముంది అన్న పేజీ చూడకుండా పై అంకె తీసుకుంటే, అది మన మార్కెట్ అంకె కాదు, వాళ్ల మార్కెట్ అంకె.

ఇంకో చిక్కు ధర దగ్గర. ఒకే పరికరాన్ని ఫ్యాక్టరీ గేటు ధరకి లెక్కేస్తే ఒక విలువ. పంపిణీదారు లాభం కలిపి వాడేవాడు చెల్లించే ధరకి లెక్కేస్తే ఇంకో విలువ. పరికరంలో ఉండే చిప్ అమ్మకం ఒకసారి, ఆ చిప్ ఉన్న మాడ్యూల్ అమ్మకం మరోసారి, ఆ మాడ్యూల్ ఉన్న లాగర్ అమ్మకం మూడోసారి లెక్కలోకి వస్తే ఒకే డబ్బు మూడు వేషాలు వేస్తుంది. పైగా అన్నీ డాలర్లలోకి మార్చి చెబుతారు. మారకపు రేటు ఆ ఏడాదిదా, ఒక ఏడాదికి స్థిరంగా పెట్టుకున్నదా అన్నదాన్ని బట్టి, ఒక దేశంలో అమ్మకాలు పెరిగినా పట్టికలో తగ్గినట్టు కనిపించవచ్చు.

ఎవరి మాటా పట్టుకోకుండా కస్టమ్స్ లెక్కలతో సరిచూద్దామనుకున్నాను. సరుకుల్ని గుర్తించడానికి ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే హెచ్ఎస్ కోడ్ మొదటి ఆరు అంకెల వరకూ దేశాలన్నిటికీ ఒకటే, దేశాల ఎగుమతి దిగుమతి లెక్కలు ఐక్యరాజ్యసమితి వారి కామ్‌ట్రేడ్‌లో దొరుకుతాయి. సరే, మా సరుకు ఎక్కడుందా అని వెతికితే 9025 అనే శీర్షిక కింద తేలింది. ఆ శీర్షికలో థర్మామీటర్లు, బారోమీటర్లు, హైగ్రోమీటర్లు, పైరోమీటర్లు, ద్రవంలో తేలే హైడ్రోమీటర్లు అన్నీ ఉన్నాయి, "రికార్డు చేసేవైనా కాకపోయినా" అన్న మాటతో సహా. అంటే మా లాగరూ, జ్వరం చూసే థర్మామీటరూ ఒకే గంపలో. సరిహద్దు దగ్గర కచ్చితంగా లెక్క కట్టిన అంకె ఇది, కానీ లెక్క కట్టింది మాకు కావలసినదాన్ని కాదు. అయినా ఒక ఉపయోగం దొరికింది. ఆ గంప మొత్తం విలువ ఇంత కాబట్టి, అందులో మా భాగం అంతకన్నా ఎక్కువ ఉండే వీల్లేదు. గంప దేశదేశానికీ దాటే సరుకుదే కాబట్టి దేశంలో చేసి దేశంలోనే అమ్మినదానికి కొంత చోటిచ్చాను. అలా పైకప్పు ఎక్కడుందో తెలిసింది. ఒకట్రెండు పత్రికా ప్రకటనల అంకెలు ఆ పైకప్పుకి తల తగిలించుకున్నాయి, వాటిని షీట్‌లోంచి తీసేశాను.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను. రిపోర్టు అన్న ఒకే పేరు కింద మూడు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతాయి. మొదటిది కొలిచి చెప్పేది. ఏ.సీ. నీల్సన్ 1923లో పెట్టిన కంపెనీ తర్వాతి దశాబ్దంలో దుకాణాల్లో సరుకు కదలికని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ వారసత్వంలోవే ఇప్పటి దుకాణాల స్కానర్ లెక్కలు, తాము కొన్నవి నమోదు చేసి చెప్పే ఇళ్ల ప్యానెళ్లు. 1964లో మొదలైన ఐడీసీ మూడు నెలలకోసారి ఇచ్చే కంప్యూటర్లు, ఫోన్ల ట్రాకర్లూ ఆ కోవలోవే. ఎన్ని యూనిట్లు బయటికి వెళ్లాయో కంపెనీలని, పంపిణీదారులని అడిగి, సరఫరా వైపు నుంచి సరిచూసి చెబుతారు. రెండోది తూచి చెప్పేది. 1979లో పుట్టిన గార్ట్‌నర్ సంస్థ, ఒక రంగంలోని కంపెనీలని నాలుగు గడుల్లో పేర్చి చూపే మ్యాజిక్ క్వాడ్రంట్ లాంటివి అనలిస్టు అంచనాలు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తనని తక్కువ చేసి చూపారని 2009లో గార్ట్‌నర్ మీద దావా వేస్తే, అవి అభిప్రాయాలు అన్న వాదనతోనే కోర్టు ఆ దావా కొట్టేసింది. కొనేవాళ్లు ఆ మాట గుర్తుంచుకుంటే చాలు. మూడోది మూసలో పోసేది. వేల మార్కెట్ల మీద వేల శీర్షికలు, విషయసూచిక అదే, వాక్యాలు అవే, వస్తువు పేరు ఒక్కటి మారుతుంది. మా రంగంలో ఎక్కువ దొరికింది మూడోదే. కొలిచి చెప్పేది మాలాంటి ఇరుకు రంగాల్లో ఉండదు, ఎందుకంటే కొలతకయ్యే ఖర్చు పంచుకునేందుకు కావలసినంతమంది కొనేవాళ్లు ఉండరు.

ఆ పంచుకోవడం అన్నది ఈ వ్యాపారానికి మూలం. ఒకే పరిశోధనని పదిమందికి అమ్మితేనే ఒక్కొక్కరికీ అందుబాటు ధర అవుతుంది. కాబట్టి ఆ పదిమందికీ పనికొచ్చే ప్రశ్నలే అందులో ఉంటాయి. మా ఒక్కరికే కావలసిన ప్రశ్న ఉండదు. మా పోటీదారు చేతిలో కూడా అదే పీడీఎఫ్ ఉంటుంది. ఈ రెండూ లోపాలు కావు, ఆ వస్తువు స్వభావమే అంత.

కొనే ఘట్టం వేగంగా చెప్పేస్తాను. నమూనా కావాలని ఫారం నింపానో లేదో సేల్స్ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. నమూనాలో అంకెలు ఉండాల్సిన చోటల్లా "ఎక్స్ ఎక్స్" అని ఉంది. నెలాఖరు దగ్గరపడేకొద్దీ తగ్గింపు పెరిగింది. ఒక్కరు చదివే లైసెన్సు వేరు, ఆఫీసంతా చదివేది వేరు. అందులోని చార్టు తీసి మన ప్రజెంటేషన్‌లో పెట్టి బయటివాళ్లకి చూపాలంటే మళ్లీ రాతపూర్వక అనుమతి కావాలి. ఇవన్నీ ముందే అడిగి రాయించుకోవడం మంచిది. అన్నట్టు, చాలా విశ్వవిద్యాలయాల, పెద్ద నగరాల గ్రంథాలయాల్లో ఇలాంటి డేటాబేసులకి చందా ఉంటుంది, అక్కడే కూర్చుని చదువుకోవచ్చు. కొనేముందు ఆ దారి తొక్కితే కొన్ని రిపోర్టుల మీద ఆశ ముందే వదులుకోవచ్చు.

నేను సేల్స్ వాళ్లని గట్టిగా అడిగింది ఒక్కటే: ఇదే శీర్షికతో మూడునాలుగేళ్ల కిందట వేసిన పాత ముద్రణ కూడా ఇవ్వండి. కొందరు తప్పించుకున్నారు, ఒకరు ఇచ్చారు. ఇచ్చిన వాళ్ల దగ్గరే కొన్నాం. పాతదాంట్లో ఇప్పటి సంవత్సరానికి వేసిన అంచనా ఒక పక్కన, కొత్తదాంట్లో అదే సంవత్సరానికి "వాస్తవం" అని ఇచ్చింది ఇంకో పక్కన పెట్టి చూశాను. పొంతన లేదు. తేడా ఉండటం నన్ను ఆశ్చర్యపరచలేదు. కానీ ఎక్కడెక్కడ తేడా ఉందో చూస్తే కొత్త సంగతి తెలిసింది. ఒకసారి వాడి పారేసే లాగర్ల దగ్గర పాత అంచనా దాదాపు సరిపోయింది. దారిలో కబురు పంపే రకం దగ్గర బాగా ఎక్కువ వేశారు. అంటే ఆ సంస్థకి నడుస్తున్న వ్యాపారం బాగా తెలుసు, రాబోయే వ్యాపారం మీద ఉత్సాహం ఎక్కువ. దీని తర్వాత రిపోర్టులో ఏ అధ్యాయాన్ని ఎంత నమ్మాలో నాకొక అందాజా వచ్చింది.

ముందుచూపు దగ్గర బోల్తా పడటం పేరున్నవాళ్లకీ మామూలే. 2011 ఫిబ్రవరిలో నోకియా తన ఫోన్లకి విండోస్ తీసుకుంటున్నట్టు ప్రకటించింది. మార్చిలో ఐడీసీ, 2015 నాటికి స్మార్ట్‌ఫోన్లలో విండోస్ వాటా 20.9 శాతం అంది. ఏప్రిల్‌లో గార్ట్‌నర్ 19.5 శాతం అంది. ఇద్దరి లెక్కలోనూ అది ఐఫోన్‌ని దాటి రెండో స్థానం. తీరా 2015 వచ్చేసరికి 3 శాతం లోపే ఉంది. నాకు ఇందులో ఆసక్తి కలిగించింది పొరపాటు కాదు, ఇద్దరూ ఒకే మాట చెప్పడం. రెండు పేరున్న సంస్థలు విడివిడిగా లెక్కేసి 20 దగ్గర కలిశాయంటే ఎవరైనా నమ్ముతారు. కానీ ఇద్దరి కింద ఉన్న నేల ఒకటే: నోకియాకి అప్పటికున్న బలం అలాగే విండోస్‌కి బదిలీ అవుతుందన్న ఊహ. ఊహ ఒకటే అయినప్పుడు ఇద్దరు సాక్షులు ఒక్క సాక్షే.

మా రంగానికి దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2020 నాటికి ప్రపంచంలో 50 బిలియన్ పరికరాలు నెట్‌వర్క్‌కి కలిసి ఉంటాయని 2010లో ఎరిక్‌సన్, 2011లో సిస్కో చెప్పాయి. ఇద్దరూ నెట్‌వర్క్ సామాను అమ్మేవాళ్లే. 2020 వచ్చేసరికి ఫోన్లు, కంప్యూటర్లు కలుపుకున్నా అందులో సగం లేదు. అయినా మా మీద కురిసిన పత్రికా ప్రకటనల్లో ఆ 50 బిలియన్ చాలాకాలం తిరుగుతూనే ఉంది. ఒక వ్యాసంలో కనిపించిన అంకె మూలం ఎక్కడా అని పట్టుకుని వెనక్కి వెళ్తే ఇంకో వ్యాసం, అక్కడి నుంచి ఒక ప్రజెంటేషన్, అక్కడి నుంచి ఒక రిపోర్టు, ఆ రిపోర్టులో మూలం దగ్గర "పరిశ్రమ నిపుణులు" అని ఉండటం నాకు అలవాటైపోయింది. చాలాసార్లు ఆ నిపుణులు కూడా మొదటి వ్యాసం చదివినవాళ్లే అయ్యుంటారని నా అనుమానం.

వృద్ధి రేటు గురించి ఒక మాట. ఏడాదికి 8 శాతం, 12 శాతం అని పక్కపక్కన రాస్తే చిన్న తేడాలా కనిపిస్తుంది. ఏడేళ్లు నడిపిస్తే మొదటిది 1.7 రెట్లు, రెండోది 2.2 రెట్లు. ఇక్కడ నాలుగు పాయింట్లు ఎవరు, ఏ ఆధారంతో పెట్టారన్న దాని మీద ఒక ఫ్యాక్టరీ విస్తరణ ఆధారపడి ఉంటుంది. సీఏజీఆర్ మొదటి ఏడాదినీ చివరి ఏడాదినీ మాత్రమే చూస్తుంది, మధ్యలో ఏం జరుగుతుందో దానికి అక్కర్లేదు. మాకు మాత్రం అంతా మధ్యలోనే ఉంది. మొదటి మూడేళ్లు అమ్మకాలు లేకపోతే చివరి ఏడాది చూడటానికి మేం ఉండం.

రిపోర్టులో ఒక సర్వే అధ్యాయం కూడా ఉంది. "రాబోయే రెండేళ్లలో దారిలో కబురు పంపే పరికరాలకి మారే ఆలోచన ఉందా?" అన్న ప్రశ్న, దానికొక అందమైన చార్టు. ఎండీ గారికి అన్నిటికన్నా నచ్చిన పేజీ అదే. నేను చార్టు అడుగున చిన్న అక్షరాలు చదివాను. సర్వే మొత్తం పెద్దదే, కానీ మందులు పంపేవాళ్లు అందులో కొద్దిమంది. యాదృచ్ఛికంగా ఎంచిన 1,000 మందిని అడిగితే వచ్చే పొరపాటు, 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 3 శాతం పాయింట్లు. 60 మందిని అడిగితే అది దాదాపు 13. "42 శాతం" అని చార్టు చెబితే అసలు సంగతి 29 నుంచి 55 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. అదీ యాదృచ్ఛికంగా ఎంచితేనే. ఆన్‌లైన్ ప్యానెళ్లలో తమంతట తాము చేరినవాళ్లు జవాబిస్తారు, వాళ్లకి ఈ సూత్రం అలాగే వర్తించదు. ఎంత ఎక్కువమందిని అడిగినా ఎంపిక వంకరైతే లాభం లేదనడానికి 1936 నాటి అమెరికా ఎన్నికలే పాత సాక్ష్యం. లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి కార్డులు పంపింది, దాదాపు 24 లక్షల జవాబులు వచ్చాయి, రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని తేల్చింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి చిరునామాలు తీసుకోవడం, నచ్చినవాళ్లే జవాబివ్వడం, రెండూ కలిసి ముంచాయి.

ఇంతా చెప్పాక, మరి ఆ డబ్బు దండగా అంటే, కాదు. నిక్కచ్చిగా చెబుతున్నాను, కాదు.

మొదటి లాభం, కొనుగోలుతో పాటు వచ్చిన అనలిస్టు ఫోన్ కాల్. చాలామంది దాన్ని వాడుకోరు. నేను ప్రశ్నలు ముందే రాసి పంపాను. ఈ ఆధార సంవత్సరం అంకెలో కొలిచినదెంత, మోడల్ నుంచి వచ్చినదెంత? ఏ రకం కంపెనీలని అడిగారు, అమ్మేవాళ్లనా, కొనేవాళ్లనా? పరికరంతో వచ్చే నెలవారీ చందా హార్డ్‌వేర్ కింద వేశారా, సాఫ్ట్‌వేర్ కింద వేశారా? ఆవిడ తప్పించుకోకుండా జవాబిచ్చారు. పెద్ద కంపెనీల వార్షిక నివేదికల్లో ఈ విభాగం విడిగా కనపడదు కాబట్టి వాటా అంచనా వేయాల్సి వచ్చిందనీ, అడిగినవాళ్లలో ఎక్కువమంది అమ్మేవాళ్లేననీ చెప్పారు. ఆ రెండు వాక్యాలు రిపోర్టులో ఎక్కడా లేవు. పద్ధతి గురించి ఉన్న పేజీలో "ప్రాథమిక, ద్వితీయ పరిశోధన" అని బాణం గుర్తుల బొమ్మ ఉంది, అంతే. అమ్మేవాళ్లని అడిగితే కోరికలు తెలుస్తాయి, కొనేవాళ్లని అడిగితే ఇబ్బందులు తెలుస్తాయి. ఎవరిని అడగడం మిగిలిపోయిందో నాకు అలా తేలింది.

రెండోది, విభజన. మా రంగాన్ని మేం ఎప్పుడూ మందులు, ఆహారం అని రెండు ముక్కలుగానే చూసేవాళ్లం. రిపోర్టు విమానం, రోడ్డు, సముద్రం అని అడ్డంగా కోసింది. సముద్రం మీద మొబైల్ నెట్‌వర్క్ ఉండదు, రీఫర్ కంటైనర్లకి ఓడల కంపెనీలే సొంత నిఘా పెట్టుకుంటున్నాయి. విమానంలో ఎగురుతున్నంతసేపూ పరికరం ప్రసారం ఆపేయాలి, దానికి విమాన సంస్థల ఆమోదం వేరే. ఈ అడ్డకోత మా నిర్ణయం మీద ఎంత ప్రభావం చూపిందో తర్వాత చెబుతాను.

మూడోది, నియమాల అధ్యాయం, కంపెనీల అధ్యాయం. మందుల పంపిణీకి ఐరోపా సంఘం 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు, చల్లబరిచిన ఆహారం రవాణాలో వాడే రికార్డర్లకి ఈఎన్ 12830 ప్రమాణం, టీకాల పరికరాలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత జాబితాలో ఉష్ణోగ్రత చూసే పరికరాలకి ఇచ్చిన "E006" విభాగం, ఇవన్నీ బహిరంగంగా దొరికేవే. కానీ ఒకచోట, ఎవరి దగ్గర ఏ అర్హత ఉందో కంపెనీల పేర్లతో సహా పేర్చి ఇవ్వడంలో ఒకరి నెలల శ్రమ ఉంది. మేం పేరు కూడా వినని కంపెనీలు కొన్ని అందులో కనిపించాయి. నన్నడిగితే రిపోర్టు ఖరీదు ఆ పట్టికలకి చెల్లించినట్టే. ఒకచోట మాత్రం పంటికింద రాయి తగిలింది. పాత మొబైల్ నెట్‌వర్కులు మూతపడటాన్ని "సవాళ్లు" అనే శీర్షిక కింద ఒక్క వాక్యంలో తేల్చేశారు. అమెరికాలో ఏటీ అండ్ టీ 2017 ఆరంభానికే 2జీ ఆపేసింది, 2022లో 3జీ. మాలాంటివాళ్లకి అది సవాలు కాదు, డిజైన్ మొదటి పేజీలో తేల్చుకోవాల్సిన నిర్ణయం. చిన్న పరికరాలు తక్కువ కరెంటుతో మొబైల్ నెట్‌వర్క్ మీద మాట్లాడేందుకు 2016లో ప్రమాణాలు ఖరారైన రెండు పద్ధతుల్లో ఎల్‌టీఈ-ఎం తీసుకోవాలా, ఎన్‌బీ-ఐఓటీ తీసుకోవాలా, ఏ దేశంలో ఏది దొరుకుతుంది అన్నది రిపోర్టుకి పట్టలేదు, మాకు అదే ప్రాణం.

ఆ తర్వాత కొనేవాళ్ల దగ్గరికి బయల్దేరాను. మందులు పంపే కంపెనీల నాణ్యతా విభాగాలు, కొనుగోలు విభాగాలు, గిడ్డంగుల్లో పెట్టెలు సర్దేవాళ్లు. రిపోర్టులో "తుది వినియోగదారు" అని ఒక గడి ఉంది, అందులో "ఫార్మా" అని రాసి ఉంది. ఫార్మా అనే మనిషి ఎక్కడా లేడు. ఏ పరికరం వాడాలో నిర్ణయించేది నాణ్యతా విభాగం, డబ్బు విడుదల చేసేది కొనుగోలు విభాగం, పెట్టెలో పెట్టేది గిడ్డంగి, తీసి చదివేది అవతలి ఊళ్లో సరుకు అందుకునేవాడు. ఒకరికి నచ్చింది ఇంకొకరికి భారం.

అక్కడే రెండు సంగతులు బయటపడ్డాయి, రెండూ ఏ రిపోర్టులోనూ లేవు. తిరిగి వాడుకునే పరికరాలు తిరిగి రావు. కాగితం మీద అవే చవక, కానీ అందుకున్నవాడికి దాన్ని వెనక్కి పంపాల్సిన అవసరమేముంది? సొరుగులో పడేస్తాడు. వాడి పారేసేవి ఎందుకు అంత అమ్ముడవుతున్నాయో అప్పుడు అర్థమైంది. రెండోది కాలిబ్రేషన్. ఏటా పరికరాన్ని సరిచూపించి ధ్రువపత్రం తీసుకోవాలి. పరికరాలు ల్యాబ్‌కి వెళ్లినన్నాళ్లు పని ఆగకూడదు కాబట్టి రెండో జత కొని పెట్టుకుంటున్నారు. మార్కెట్ సైజు లెక్కలో అది ఒక అమ్మకం. కొనేవాడి దృష్టిలో అది ఒక తలనొప్పి. ల్యాబ్ పని త్వరగా తేల్చి ఇచ్చేవాడొస్తే ఆ అమ్మకాలు మాయమవుతాయి.

దారిలో కబురు గురించి అడిగితే అందరూ బాగుంటుందనే అన్నారు. సర్వే చార్టులో కనిపించింది ఆ "బాగుంటుంది"నే. కానీ గిడ్డంగి మేనేజరు ఒకాయన నన్ను నిలదీశాడు: "సరేనండీ, అర్ధరాత్రి రోడ్డు మీద ఉష్ణోగ్రత పెరుగుతోందని మీ పరికరం ఫోన్ చేసింది. నేనేం చేయాలి?" నిజమే. కబురు అందాక ఎవరైనా ఏదైనా చేయగలిగే ప్రయాణాల్లోనే ఆ కబురుకి విలువ. ఆకాశంలో ఉన్నప్పుడు ఎవరూ పెట్టె తెరవలేరు, నడిసముద్రంలో కబురే అందదు. మిగిలింది రోడ్డు. రోడ్డులో కూడా దూర ప్రయాణాలు, దారిలో సరుకు మార్చగల గిడ్డంగులు ఉన్న మార్గాలు, పోతే తట్టుకోలేనంత విలువైన సరుకు.

ఆ మూడు షరతులూ పెట్టుకుని కింది నుంచి పైకి లెక్క కట్టాను. ఇన్ని మార్గాలు, మార్గానికి నెలకి ఇన్ని ప్రయాణాలు, ప్రయాణానికి ఇన్ని పెట్టెలు, పెట్టెకి ఒకటా రెండా. ప్రతి గడి పక్కనా ఆ అంకె ఎవరు చెప్పారో రాశాను. ఊహించినవాటికి పసుపు రంగు వేశాను. వచ్చిన మొత్తం రిపోర్టులోని అంకెలో చాలా చిన్న భాగం. పైనుంచి కిందికి దిగుతూ "ఇంత పెద్ద మార్కెట్‌లో ఒక్క శాతం మాకు రాదా" అనే లెక్క ఎంత హాయిగా ఉంటుందో, దీన్ని పక్కన పెట్టి చూస్తే తెలిసింది. ఆ ఒక్క శాతం ఎవరి దగ్గర నుంచి రావాలో ఆ లెక్క చెప్పదు.

సమావేశంలో రెండు స్లయిడ్లూ చూపించాను. ముందు రిపోర్టుది, తర్వాత మాది. లెక్కలు చూసే ఆయన వెంటనే, "అయితే రెండోదే నిజం, మొదటిది తీసేయండి" అన్నారు. ఎండీ గారు వద్దన్నారు. అప్పు ఇచ్చే బ్యాంకుకి మా ఎక్సెల్ కన్నా బయటివాళ్ల అంకె మీద గురి ఎక్కువ, మాది మేం రాసుకున్నదే కదా అన్నారు. నాకు మొదట కొరుకుడు పడలేదు కానీ ఆలోచిస్తే న్యాయమే. రిపోర్టు అంకెకి నిజం చెప్పడం కాకుండా ఇంకో ఉద్యోగం ఉంది. గదిలో ఉన్న అందరూ ఒకచోటి నుంచి మాట్లాడుకోవడానికి అది ఆధారం. కంపెనీలు షేర్లు జారీచేసేటప్పుడు ప్రాస్పెక్టస్‌లో వేసే పరిశ్రమ అధ్యాయం కూడా చాలాసార్లు ఆ కంపెనీయే డబ్బిచ్చి రాయించుకున్నది. ఆ సంగతి అందులోనే రాసి ఉంటుంది, అయినా పెట్టుబడిదారులు చదువుతారు. డబ్బిచ్చి రాయించారు కాబట్టి పనికిరాదనలేం. అలాగని ఏ వైపు మొగ్గుతుందో మర్చిపోనూ కూడదు. నేను అలాంటివి ఉచితంగా దింపుకుని చాలా చదివాను. పోటీదారు పేరు, వాళ్ల కొనుగోలుదారుల పేర్లు, అమ్మకాల తీరు ఏ రిపోర్టులోనూ అంత వివరంగా దొరకవు.

చివరికి రోడ్డు మార్గాలకి మాత్రమే, చిన్న సంఖ్యలో తయారుచేయాలని నిర్ణయించారు. పరికరం అమ్మే బదులు ప్రయాణానికింత అని అద్దెకిచ్చి, తిరిగి తెచ్చుకునే బాధ్యత కూడా మేమే తీసుకోవాలన్నారు. సొరుగులో మిగిలిపోయేవాటి గురించి విన్నాక వేరే దారి లేదనిపించింది. కాలిబ్రేషన్ కూడా మా చేతిలోనే ఉంటుంది.

ఈమధ్య అదే సంస్థ నుంచి కొత్త ముద్రణ వచ్చిందని మెయిల్ వచ్చింది. ప్రకటనలో ఇచ్చిన ఆధార సంవత్సరం అంకెని మా దగ్గరున్న పాతదానితో పోల్చాను. పాత సంవత్సరాల అంకెలు కూడా సవరించారు, నిర్వచనంలో గిడ్డంగి గోడ సెన్సర్లు ఈసారి బయటికి వెళ్లాయి. మొత్తంగా కాకుండా అధ్యాయాలుగా అమ్ముతారా అని అడిగాను. అమ్ముతారట. నియమాలు, కంపెనీల వివరాలు, రవాణా విభజన ఉన్న అధ్యాయాలకి ఆర్డర్ పెట్టమన్నాను. జాబితా చూసి ఎండీ గారు అంచనాల అధ్యాయం కూడా చేర్చమన్నారు. "మీకు అక్కర్లేదు సరే, బ్యాంకు వాళ్లు అడుగుతారు కదా" అన్నారు.